తాలిబుల రొట్టె వంతు

ఆ ఏడు శేర్‌దరా లోయలో ఆపిళ్ళు విరగకాశాయి. కొమ్మలకు ఆసరా పెట్టడానికి కర్రలు చాలక మా తమ్ముడు వాసిల్ పాత తలుపు చెక్కలు కూడా చీల్చాడు. విదేశీ సైన్యం మా దేశానికి వచ్చిన తొమ్మిదో ఏడది. ఆ కాపు కాలంలో మా ఇంటికి జరిగిన దానికి మూలం ఒక కాగితం. దాన్ని రాసినవాణ్ణి నేను.

మా ఊరి మసీదులో ఎనిమిదిమంది తాలిబులు ఉండేవారు. తాలిబ్ అంటే చదువు కోరి వచ్చినవాడు. మసీదులో ఉండి మతగ్రంథాలు చదువుకునే పొరుగూరి విద్యార్థిని మా తాతల నాటి నుంచి అలాగే పిలుస్తున్నాం. సాయంత్రం ఇంటి ముందు నిలబడి రొట్టె అడగడం అతని హక్కు. పెట్టడం ఆ ఇంటి పరువు. తుపాకులు పట్టి కొండల్లో తిరిగేవాళ్ళు తరువాత ఎప్పుడో అదే పేరు పెట్టుకున్నారు గాని, మా ఊళ్ళో వాళ్ళను 'కొండమీదివాళ్ళు' అనేవారు. రెండింటికీ మధ్య గందరగోళం పడేవాడు మా ఊళ్ళో పసిపిల్లల్లో కూడా లేడు.

ఆ వేసవిలో రొట్టె వంతుల దగ్గర ఇళ్ళ మధ్య మాటలు పెరిగాయి. ఒక ఇంటికి వరసగా మూడు రోజులు వెళ్ళారని ఒకరు, తమ గడప తొక్కనే లేదని మరొకరు. ముల్లా రహ్మదిల్ విసిగిపోయి మా మేడగదికి వచ్చాడు.

"ఉస్తాద్, మీ చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. ఏ రోజు ఎవరింటికి ఎవడు వెళ్ళాలో రాసిపెట్టండి. గోడకి అంటిస్తాను. ఆపైన ఎవరు తిట్టినా కాగితాన్నే తిట్టుకోమంటాను."

కాబూల్ విశ్వవిద్యాలయంలో ఇరవై రెండేళ్ళు నిఘంటువు పనిలో గడిపి, పుస్తకాల పెట్టెలతో తమ్ముడి ఇంటికి చేరినవాణ్ణి నేను. ఏ పనైనా అరకొరగా చేయడం నాకు చేతకాదు. రెండు రోజులు కూర్చుని గీతలు గీశాను. ఎనిమిదిమంది పేర్లకు వరస సంఖ్యలు వేశాను, ఇరవై ఎనిమిది ఇళ్ళకు వారాలు పంచాను. పైన లావుపాటి రెల్లుకలంతో 'తాలిబుల రొట్టె వంతు' అని శీర్షిక పెట్టాను. ఎవరైనా మరిచిపోతే ఆ తాలిబ్‌ను తన ఇంటికి పంపమని వాసిల్ మాటవరసకు అన్నాడు. ఆ మాటకూ ఒక రూపం ఉండాలనిపించి, చిట్టచివర 'వంతు తప్పితే బాధ్యుడు: వాసిల్' అని రాశాను. అలా రాయమని నన్నెవరూ అడగలేదు.

జాబితాలో నాలుగో పేరు బాజ్‌మీర్‌ది. పంతొమ్మిదేళ్ళవాడు, పక్క లోయవాడు. తండ్రి లేడు. మా లోయ పైభాగంలో తల్లి ఒక తోటకు కాపలా ఉండేది. మా ఇంటి వంతు వచ్చిన రోజు రొట్టె పుచ్చుకుని వెళ్ళిపోకుండా, నా దగ్గర ఒక మాటకు అర్థం అడిగి మరీ వెళ్ళేవాడు. ఒక సాయంత్రం ముంగిట్లో మేము ముగ్గురం కూర్చుని ఉండగా వాసిల్ రేడియో కట్టేసి నా వైపు తిరిగాడు. అన్నను మేము లాలా అంటాం.

"లాలా, ఈ రేడియోవాడు రోజూ 'తర్హగర్, తర్హగర్' అని మొత్తుకుంటాడు. ఎవరా మనిషి? ఏ ఊరివాడు?"

ఉగ్రవాది అనడానికి మా భాషలో కొత్తగా పుట్టించిన మాట అది. గొడ్డు బెదిరిందని చెప్పడానికి రైతులు వాడే క్రియ నుంచి తీశారు. బెదరగొట్టేవాడు అని దాని అర్థం. ఆ సంగతే చెప్పాను.

"అయితే మన ఎర్రకుక్కేగా! నిన్న పక్కింటి హాజీ గాడిదని బెదరగొట్టి కాలవలో పడేసింది. అమెరికావాళ్ళ చెవిన వేయకండి, దానికోసం విమానం పంపుతారు," అన్నాడు వాసిల్.

బాజ్‌మీర్ పడి పడి నవ్వాడు. నవ్వు ఆగాక నన్నడిగాడు.

"ఉస్తాద్, మా మేనమామ రాత్రిపూట చేలో నీళ్ళు మళ్ళిస్తుంటే పైనుంచి కొట్టారు. భుజమ్మీద పార చూసి తుపాకీ అనుకున్నారట. అలాంటివాళ్ళకి మీ పుస్తకంలో పేరేమిటి?"

"పొరపాటు జరిగిందంటారు వాళ్ళు."

"మీరేమంటారు?"

"అన్యాయంగా చంపారంటాను. కాని ఉగ్రవాదమని అనను. భయపెట్టడం కోసం చంపడం వేరు, భయపడి చంపడం వేరు."

"పోయినవాడికి తేడా ఏముందండీ?"

"పోయినవాడికి లేదు. నీకుంది. రేపు నువ్వేం చేస్తావన్నది ఆ తేడా మీదే ఉంటుంది."

పరదా వెనక నుంచి వాసిల్ భార్య జర్‌ఘూనా గొంతు వినిపించింది. "రొట్టె చల్లారిపోతోంది. చంపుకోడాలకి పేర్లు తర్వాత పెట్టుకుందురుగాని."

పదిహేను రోజుల తరువాత బాజ్‌మీర్ మసీదులో కనిపించలేదు. కొండమీదికి వెళ్ళాడని అందరికీ తెలిసింది. ఎవరూ పైకి అనలేదు. గోడమీద కాగితంలో అతని పేరు కొట్టివేయాలని నాకు తట్టింది. కాని కొట్టివేత పడితే ఆ పుట అందం చెడుతుందనిపించింది. మళ్ళీ శుభ్రంగా రాద్దామని ఊరుకున్నాను.

* * *

పెద్దరోడ్డు మీద తూము కింద బాంబు పేలి ముగ్గురు అమెరికన్ సైనికులు చనిపోయిన మూడో రోజు ఉదయం, మా ఊరికి నాలుగు సైనిక బళ్ళు వచ్చాయి. అప్పుడే తొలి రకం ఆపిళ్ళు కోస్తున్నారు. వాసిల్ నిచ్చెన దిగి వచ్చి వాళ్ళకు ఎదురు నిలబడ్డాడు. మేడమీద నాకు అన్నీ వినిపిస్తూనే ఉన్నాయి. వాళ్ళ దుబాసీ మొహానికి గుడ్డ చుట్టుకున్నవాడు. మా భాష అతనికి వంటింటి వరకే వచ్చునని రెండు వాక్యాలలోనే అర్థమైంది. చిన్నప్పుడే దేశం దాటిపోయి, తల్లి నోట విన్న మాటలతో జీతానికి తిరిగి వచ్చినవాడు. అతని చేతిలో మసీదు గోడ నుంచి పీకిన నా కాగితం ఉంది.

"వాసిల్ అంటే నువ్వేనా? నువ్వు తాలిబన్‌కి తిండి పెడతావా?"

"పెట్టకేం? మా తాతా పెట్టాడు, మా నాన్నా పెట్టాడు. మొత్తం ఎనిమిదిమంది. పెట్టకపోతే ఊళ్ళో తలెత్తుకోగలనా?"

దుబాసీ ఆ మాటను ఇంగ్లీషులోకి తిప్పాడు. నేను విన్నాను. "తాలిబన్ సరఫరా కమాండర్ తానేనని ఒప్పుకుంటున్నాడు. వంశపారంపర్యంగా చేస్తున్నాడట."

ఆ క్షణంలోనే కిటికీ నుంచి అరవవలసింది. కాని మనుషుల మధ్యకు వెళ్ళేముందు నేను చెప్పబోయేదాన్ని మనసులో కూర్చుకోవడం నాకు అలవాటు. 'తాలిబ్ అనే పదం అరబ్బీ ధాతువు నుంచి' అని మొదలుపెడితే వాళ్ళు వినరని, 'అయ్యా, పొరపాటు జరిగింది' అని మొదలుపెట్టాలని తేల్చుకున్నాను. తలపాగా చుట్టుకుని మెట్లు దిగేసరికి బళ్ళు మలుపు తిరుగుతున్నాయి. నిచ్చెన చెట్టుకే ఆనించి ఉంది.

"మీరు మేడమీదే ఉన్నారు కదా, లాలా?" అంది జర్‌ఘూనా.

* * *

ఆ రోజు మొదలు రోజు విడిచి రోజు సైనిక శిబిరం గేటు దగ్గర కూర్చున్నాను. నాలుగోసారి లోపలికి పిలిచారు. కెప్టెన్ లార్సన్ ముప్పై దాటినవాడు కాడు, మర్యాదస్థుడు. నాకు కుర్చీ వేయించి, కాగితపు కప్పులో టీ ఇప్పించాడు. నాకు ఇంగ్లీషు వచ్చునని తెలిశాక దుబాసీ మూలన కూర్చుని గోళ్ళు చూసుకోసాగాడు.

"ప్రొఫెసర్ గారూ, ఇది మీరు రాసిందేనా?"

"నేను రాసిందే."

"చాలా బావుంది. మా వాళ్ళెవరూ ఇంత శుభ్రంగా రాయలేరు."

తాలిబ్ అన్న మాటను, రొట్టె ఆనవాయితీని అరగంట సేపు వివరించాను. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డుపడలేదు. అంతా విని, జాబితా మీద వేలు పెట్టాడు.

"నాకర్థమైంది. నిజంగానే అర్థమైంది. మరి ఈ నాలుగోవాడు ఇప్పుడెక్కడున్నాడు?"

నేను టీ కప్పు వంక చూశాను.

"చూశారా? మాటకి రెండర్థాలున్నాయని మీరే చెప్పారు. ఈ కుర్రాడు మొదటి అర్థంలోంచి రెండో అర్థంలోకి నడిచి వెళ్ళిపోయాడు. వాడు తిన్న రొట్టె మాత్రం ఒకటే ఇంటిది. తూము దగ్గర పోయిన ముగ్గురిలో ఒకడికి ఇరవై ఏళ్ళు. వాళ్ళమ్మకి ఉత్తరం నేను రాశాను. మీ తమ్ముణ్ణి నేనేమనాలో మీరే చెప్పండి."

"రొట్టె పెట్టినవాడు అనండి. అంతకుమించి ఏ మాట వాడినా తప్పే."

"సరే. ఉగ్రవాది అంటే ఎవరు? మీరు నిఘంటువు మనిషి. చెప్పండి, రాసుకుంటాను."

నిజంగానే నోటుపుస్తకం తీశాడు. నేను ఆలోచించి చెప్పాను. "ఆయుధం లేనివాణ్ణి చంపి, బతికి ఉన్నవాళ్ళను లొంగదీసుకునేవాడు."

"నాకేం అభ్యంతరం లేదు."

"నిరుడు పక్క లోయలో పెళ్ళింటి మీద బాంబు వేశారు. పదకొండుమంది."

"అది పొరపాటు. విచారణ జరిగింది. క్షమాపణ చెప్పాం."

"ఎవరికి చెప్పారు? ఆ ఇంట్లో ఎవరూ మిగల్లేదు."

అతను కలం మూతతో బల్ల మీద తట్టాడు. "మేం రేపే వెళ్ళిపోయామనుకోండి. మీ ఊళ్ళో ఆడపిల్లల బడి మూయించినవాళ్ళు కిందికి దిగి వస్తారు. అప్పుడేం చేస్తారు?"

"ఏం చేయగలను? ఏడుస్తాను. మీరు ఇక్కడ ఉండబట్టే వాళ్ళకి ఏటా కొత్త మనుషులు దొరుకుతున్నారు. అదీ నాకు తెలుసు."

"అయితే ఉండమంటారా, వెళ్ళమంటారా?"

"నా తమ్ముణ్ణి ఇవ్వమంటాను."

అతను నోటుపుస్తకం మూసి, మళ్ళీ రమ్మన్నాడు. అలా నెల రోజులు వెళ్ళాను. మేము దేశాల గురించి, ఉద్దేశాల గురించి, చనిపోయినవాళ్ళను లెక్కపెట్టే పద్ధతుల గురించి వాదించుకున్నాం. నాకన్నా బాగా వాదించిన రోజులు అతనికీ ఉన్నాయి. వాసిల్ అక్కడికి రెండు వందల గజాల దూరంలో, ఇనుప డబ్బాలాంటి గదిలో ఉన్నాడు. ఒక్కసారి కూడా చూడనివ్వలేదు. ఊళ్ళో ఇదంతా వేళాకోళమైపోయింది.

"ఏం ఉస్తాద్, ఇవాళ అమెరికావాళ్ళకి ఏ పాఠం చెప్పారు?" అనేవాడు మసీదు మెట్ల దగ్గర హాజీ.

"ఇంకా నామవాచకాల దగ్గరే ఉన్నారట. క్రియలకి వచ్చేసరికి మంచు పడుతుంది," అనేవాడు మరొకడు.

* * *

కోతల కాలంలో మా లోయలోనూ ఎండలు మండిపోతాయి. అలాంటి ఒక మధ్యాహ్నం మా తోటలో రాలిన కాయలు ఏరుతున్నాను. కూలికి రావడానికి జనం జంకుతున్నారు. శిబిరం చూపు పడిన ఇల్లని కొందరు, కొండమీది చూపు పడిన ఇల్లని కొందరు. గోడ దాటి బాజ్‌మీర్ వచ్చాడు. గడ్డం పెరిగింది. భుజాన తుపాకీ ఉంది. వంగి నా చెయ్యి కళ్ళకద్దుకున్నాడు, ఎప్పటిలాగే.

"ఉస్తాద్, ఇక మీరు శిబిరానికి వెళ్ళొద్దు. మా దళం నడిపే ఖారీ సాహెబ్ మిమ్మల్ని జాసూస్ అంటున్నాడు. గూఢచారి అన్న పేరు పడితే మావాళ్ళు రెండో మాట అడగరు. ఆయన రొట్టె తిన్నవాణ్ణి, ఆయన అలాంటివాడు కాడని నేనే అడ్డుపడ్డాను."

"నా తమ్ముడు అక్కడున్నాడు."

"తెలుసు. అది కూడా చెప్పాను."

నాకు కోపం వచ్చింది. అంతకు వారం ముందు కొండమీదివాళ్ళు పెద్దరోడ్డు మలుపులో బస్సు ఆపి, సర్కారు గుమాస్తాలు అయిదుగురిని దింపి కాల్చేశారు.

"ఆ బస్సులోవాళ్ళని ఏమన్నారు మీరు? వాళ్ళూ జాసూసులేనా? అందులో ఒకాయన భూములు కొలిచేవాడు. మీ అమ్మ కాపలా కాసే తోట హద్దురాళ్ళు పాతింది ఆయనే. ఆ పెద్దాయన దగ్గర కొలత గొలుసు తప్ప మరేం ఉంది?"

అతను తల వంచుకున్నాడు. "ఆ రోజు నేనక్కడ లేనండీ."

"ఉంటే?"

"తెలీదు ఉస్తాద్. ఆ మాట నన్నడక్కండి. పైకి వెళ్ళాక 'ఉంటే' అనేదాన్ని ఆలోచించకూడదు. ఆలోచిస్తే నిద్ర పట్టదు."

"దిగి వచ్చెయ్."

"ఎక్కడికి? మీ కాగితంలో నా పేరుంది. వాళ్ళకి నేను అక్కడ దొరికితే ఒకటి, ఇక్కడ దొరికితే ఒకటీనా?"

బుట్టలోంచి ఒక కాయ తీసి తుడిచి అతనికి ఇచ్చాను. సగం తిని, మిగతాది జేబులో పెట్టుకున్నాడు. తల్లికి పళ్ళు ఊడిపోయాయని, మెత్తటి కాయలైతేనే తినగలదని చెప్పాడు. శుక్రవారం నమాజు తరువాత ఆమె గుడిసెకు వెళ్ళి వస్తుంటానని, ఆ ఒక్క పూట తుపాకీ గడ్డివాములో దాస్తానని, ఆమెకు అది చూస్తే ఏడుపు వస్తుందని చెప్పాడు. నన్ను నమ్మి చెప్పాడు. నేను అడగలేదు.

* * *

శిబిరం నుంచి కబురు వచ్చింది: ఆదివారం వాసిల్‌ను పెద్ద జైలుకు పంపుతున్నారు. అక్కడికి వెళ్ళినవాళ్ళ ఆచూకీ మూడేళ్ళకో నాలుగేళ్ళకో తెలిసేది. కొందరిది తెలిసేది కాదు. జర్‌ఘూనా నా గదిలోకి వచ్చింది. పెళ్ళయి పన్నెండేళ్ళయినా ఆమె ఆ గది గడప దాటడం అదే మొదటిసారి. నా పుస్తకాల అరల వంక చూసింది.

"ఇవన్నీ మాటలే కదా, లాలా?"

"అవును, జర్మీనా వాళ్ళమ్మా."

"ఇన్ని మాటలు పోగేశారు. ఒక మనిషిని ఇంటికి తీసుకొచ్చే మాట ఇందులో ఒక్కటీ లేదా?"

కూతురు జర్మీనా గుమ్మం దగ్గర నిలబడి మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. కాపు చెట్ల మీదే ముదిరిపోతోంది. కిందపడిన కాయల చుట్టూ కందిరీగలు మూగుతున్నాయి. నేను తలపాగా చుట్టుకుని గురువారం పొద్దున్నే బయలుదేరాను.

కెప్టెన్ లార్సన్ ఆ రోజు టీ ఇప్పించలేదు. నిద్ర లేనట్టు ఉన్నాడు. అంతకు ముందు రోజు మరొక బండి తూము దగ్గర పేలింది.

"ప్రొఫెసర్, ఇవాళ నాకు వాదించే ఓపిక లేదు. మీ తమ్ముడు ఉత్త రైతు. ఆ సంగతి నాకు మూడో వారంలోనే తెలుసు. కాని ఊరికే వదిలేస్తే నా పైవాళ్ళు నన్ను అడుగుతారు. ఈ జాబితాలో నిజమైనవాడు ఒక్కడు నాకు కావాలి. ఎక్కడ దొరుకుతాడో కావాలి. ప్రాణాలతో పట్టుకుంటాను. నాకు జవాబులు కావాలి, శవం కాదు."

జాబితా బల్ల మీద పెట్టాడు. ఇన్ని చేతులు మారినా సిరా చెదరలేదు.

నేను నాలుగో పేరు మీద వేలు పెట్టాను. శుక్రవారం, నమాజు తరువాత, పై తోట గుడిసె అని చెప్పాను.

అతను తన నోటుపుస్తకం తీసి వెనక్కి తిప్పాడు. నెల కిందట నేను చెప్పిన నిర్వచనం దగ్గర ఆగాడు. "మీ అర్థం ప్రకారమే అడుగుతున్నాను. వీడు ఉగ్రవాదేనా? అవునంటే అవునని రాస్తాను."

బాజ్‌మీర్ తూము దగ్గర ఉన్నాడో లేదో నాకు తెలియదు. బస్సు దగ్గర లేనన్నాడు. ఒక్కడినైనా చంపాడో లేదో నేను అడగలేదు. నిఘంటువులో ఇంత తక్కువ ఆధారంతో ఒక పదానికి అర్థం రాస్తే నా శిష్యుల్ని నేను క్షమించేవాణ్ణి కాదు.

"అవును," అన్నాను.

* * *

శుక్రవారం పొద్దున వాసిల్ నడిచి ఇంటికి వచ్చాడు. సగానికి సగం అయిపోయాడు. జర్‌ఘూనా పరదా మరిచిపోయి వీధి గుమ్మం దాకా పరిగెత్తింది. పిల్లలు అతని కాళ్ళకు చుట్టుకున్నారు. అతను స్నానం చేసి, రెండు రొట్టెలు తిని, ఎవరు వద్దన్నా వినకుండా నిచ్చెన తీసుకుని తోటలోకి వెళ్ళాడు. "కాయ ఆగదు, లాలా. నేనాగినా కాయ ఆగదు," అన్నాడు. కింద నిలబడి నేను బుట్ట పట్టుకున్నాను.

నమాజు అయిన కాసేపటికి పై తోట వైపు ఆకాశం చీలినట్టు ఒక చప్పుడు వచ్చింది. వెంటనే ఇంకొకటి. మా నెత్తిమీద కొమ్మల నుంచి కాయలు జలజల రాలాయి. పట్టుకోవడానికి ఎవరూ నడిచి రాలేదు. విమానం మాత్రమే వచ్చింది.

వాసిల్ నిచ్చెన మీదే ఉండి ఆ పొగ వంక చూశాడు. తరువాత కిందికి, నా వంక చూశాడు.

"నాలుగో పేరా, లాలా?"

"నీకెవరు చెప్పారు?"

"వదిలేటప్పుడు ఆ దుబాసీ అన్నాడు. మీ అన్న నాలుగో పేరు చూపించాడు, ఆయనకి దణ్ణం పెట్టుకో అని." అతను మెల్లగా దిగి, బుట్ట నా చేతిలోంచి తీసుకుని నేలమీద పెట్టాడు. "పద. మోయడానికి మనుషులు కావాలి."

గుడిసెలో నలుగురు. బాజ్‌మీర్, అతని తల్లి, ఆ పూట ఆమెకు సాయంగా కాయలు పెట్టెలకెత్తడానికి వచ్చిన ఇద్దరు అన్నదమ్ములు. సాయంత్రం రేడియోలో శేర్‌దరాలో నలుగురు తర్హగర్లు హతమయ్యారని చెప్పారు. బాజ్‌మీర్ తల్లిని మోసిన మంచానికి ఒక కొస నేను పట్టుకున్నాను. ఆమె ఎంత తేలికగా ఉందో.

తరువాతి మూడు రోజులూ వాసిల్ నాతో ఆ సంగతి ఎత్తలేదు. పరామర్శల దగ్గర నా పక్కనే కూర్చున్నాడు. భోజనం నా ముందు పెట్టి, నేను తినేదాకా లేవలేదు.

* * *

నాలుగో రోజు మధ్యాహ్నం ఖారీ వచ్చాడు. వెంట ఆరుగురు. మా ముంగిట్లో ఎండలో నిలబడ్డారు. హాజీ, ముల్లా రహ్మదిల్, మరికొందరు గోడ వారగా చేరారు. ఖారీ గొంతు మెత్తనిది. పారాయణం చేసేవాడి గొంతు.

"శుక్రవారం పూట బాజ్‌మీర్ ఎక్కడుంటాడో ఈ ఊళ్ళో ఎవరికో తెలిసింది. శిబిరానికి దారి అరిగేలా తిరిగింది ఈ ఇంట్లోని ఉస్తాద్ ఒక్కడే. ఆయన్ని కిందికి రమ్మనండి."

నేను అప్పటికే మెట్ల మధ్యలో ఉన్నాను. వాసిల్ నాకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"మా అన్నా?" అన్నాడు, నవ్వుతున్నట్టే. "ఖారీ సాహెబ్, మా అన్న చెప్పేది పష్తోలోనే ఎవరికీ అర్థం కాదు, అమెరికావాళ్ళకేం అర్థమవుతుంది? ఆయన అక్కడికెళ్ళి నెల్లాళ్ళు వ్యాకరణం చెప్పాడు. వినీ వినీ వాళ్ళకే నిద్రొచ్చుంటుంది. చెప్పింది నేను. లోపల కొట్టారు, నోరు జారాను. లేకపోతే ముప్పై ఆరు రోజులకి నన్నెందుకు వదులుతారు? అదీ ఆ శుక్రవారం పొద్దునే?"

ఆ మాటలో లోపం లేదు. నేను నెల రోజులు కూర్చిన వాదాలన్నిటికన్నా అది గట్టిగా నిలబడింది.

ఖారీ తల ఎత్తి నా వంక చూశాడు. "ఉస్తాద్, నీ తమ్ముడు చెప్పేది నిజమేనా?"

"ఆయన్ని అడక్కండి," అన్నాడు వాసిల్. "అవునూ కాదూ చెప్పడానికే మూడు పుటలు తీసుకుంటాడు."

గోడ దగ్గర ఎవరో ఆపుకోలేక నవ్వారు. ఖారీ వెంట వచ్చినవాళ్ళలోనూ ఒకడు నవ్వాడు. పరదా వెనక నుంచి జర్‌ఘూనా గొంతు, బిగబట్టి, నాకు మాత్రమే వినపడేటట్టు అంది. "లాలా, మాట్లాడండి."

నేను నోరు తెరిచాను. ఎక్కడ మొదలుపెట్టాలా అని ఆలోచించాను. నిజంగానే ఆలోచించాను, భయంతో పాటు అది కూడా ఉంది. వాసిల్ నా వైపు ఒక్కసారి తిరిగి, కనుబొమ్మలు ముడిచి, చిన్నప్పుడు నేను అతన్ని గదిమినట్టే, వద్దని గదిమాడు. నేను నోరు మూశాను.

వాళ్ళు అతన్ని తీసుకుని వెళ్ళారు. చెప్పులు వేసుకోనిచ్చారు.

రెండు మలుపుల అవతల ఎండిన వాగులో అతను దొరికాడు. చొక్కాకు గుచ్చిన కాగితం మీద 'జాసూస్' అని ఒక్క మాటే ఉంది. అందులో ఒక అక్షరం తప్పు. అతని మొహం కన్నా ముందు నేను చూసింది ఆ తప్పును.

మంచు పడక ముందే జర్‌ఘూనా అన్న గజనీ నుంచి బండి తెచ్చాడు. మూడు నెలలుగా ఆమె నా భోజనం గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళేది. ఒక్క మాట మాట్లాడలేదు. ఆ పొద్దున పరుపులు, పిల్లలు బండిలోకి ఎక్కాక ఆమె వెనక్కి వచ్చి ముంగిట్లో నా ఎదుట నిలబడింది.

"లాలా, పిల్లలకి ఏం చెప్పమంటారు?"

"వాళ్ళ నాన్న ఉగ్రవాదీ కాడు, జాసూసూ కాడని చెప్పు. ఆపిల్ రైతని చెప్పు."

"అది వాళ్ళకి తెలుసు. వాళ్ళడిగేది అది కాదు. నాన్నని ఎవరు చంపారని అడుగుతున్నారు."

ఖారీ పేరు చెప్పవచ్చు. కెప్టెన్ పేరు చెప్పవచ్చు. రెండూ అబద్ధాలు కావు.

"నేను," అన్నాను.

ఆమె తల ఊపింది. కొత్త సంగతి విన్నట్టు లేదు ఆమె మొహం.

"ఈ ఒక్క ముక్క ఆ రోజు ఇక్కడ నిలబడి చెప్పాల్సింది," అంది, ముసుగు సర్దుకుని బండి వైపు నడిచింది.